ఆరున్నర క్లాసుకు ఆరుంపావుకే: పెద్దవాళ్ల ఆన్‌లైన్ క్లాసుల్లో నా రెండున్నరేళ్లు

మాది కాకినాడ. పోస్టాఫీసు కౌంటర్లో ముప్ఫై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆర్డీ కట్టేవాళ్లు, ఎంఐఎస్ వడ్డీకి వచ్చేవాళ్లు, మనియార్డరు ఫారం నింపి పెట్టమనేవాళ్లు, ఇలా పొద్దస్తమానం మనుషులతో మాట్లాడుతూ బతికినదాన్ని. ఇప్పుడు నాకు 72. ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు, మోకాళ్లు రెండూ అరిగాయి. దిగితే మళ్లీ ఎక్కాలన్న భయంతో దిగడమే మానేశాను. మా వారు పోయాక ఏడాదికి, ఒక సాయంత్రం మందులు ఇవ్వడానికి వచ్చిన కుర్రాణ్ణి "చిల్లర ఉందా నాయనా" అని అడగబోతే గొంతు పెగల్లేదు. పొద్దుటి నుంచీ నేను ఆడిన మొదటి మాట అదేనని అప్పుడు తెలిసింది. రాత్రి ఫోన్లో ఆ సంగతి అమ్మాయికి చెప్పాను. పుణెలో ఉంటుంది. ఆ వారంలోనే నన్ను ఆన్‌లైన్ క్లాసుల్లో చేర్పించింది.

క్లాసులు నడిపేవాళ్ల పేర్లు రాయను. ఇలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి. కొన్ని ఉచితం, కొన్నిటికి నెల నెలా కట్టాలి. నేను రెండు చోట్ల చేరాను. మొదటిచోట ఏడు నెలలు, రెండోచోట ఇప్పటికీ. అమ్మనో నాన్ననో చేర్పిద్దామనుకునే పిల్లలకూ, చేరాలా వద్దా అని ఊగిసలాడే నా ఈడువాళ్లకూ ఈ అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిచోట క్లాసులకు లోటు లేదు. పొద్దున్న కుర్చీ యోగా, పదకొండుకు ఫోను పాఠాలు, మధ్యాహ్నం తంబోలా, సాయంత్రం భజన. చెప్పేవాళ్లు కూడా మంచివాళ్లే. కానీ ఒక్కో క్లాసులో వందమందికి పైగా ఉండేవాళ్లం. అందరి మైకులూ వాళ్లే ఆపేసేవారు. ఏదైనా అడగాలంటే టైపు చేయాలి. నేను తెలుగులో నాలుగు ముక్కలు కొట్టేలోపు మాట ఇంకెక్కడికో పోయేది. ఒకసారి జ్వరం వచ్చి పన్నెండు రోజులు వెళ్లలేదు. కోలుకుని వెళ్లిన రోజు ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్ల తప్పు కాదు, నేనెవరో ఎవరికీ తెలియదు. ఆ రోజు నాకు ఇంట్లో ఒక్కదాన్నే కూర్చున్నప్పటి కంటే ఎక్కువ దిగులేసింది.

అక్కడ మానేశాక కూడా రెండు నెలలు డబ్బులు పోయాయి. చేరేటప్పుడు యూపీఐలో ఆటోపే, అంటే నెల నెలా డబ్బు దానంతటదే వెళ్లిపోయే ఏర్పాటు, పెట్టించారు. యాప్ తీసేస్తే కట్టడం ఆగిపోతుందనుకున్నాను, ఆగలేదు. డబ్బు తీసుకునే ముందు మెసేజ్ వస్తుంది గానీ నేను చూసుకోలేదు. మీరు డబ్బు పంపే యాప్‌లోకే వెళ్లి, ఆటోపే అన్నచోట దాన్ని రద్దు చేయాలి. పోస్టాఫీసులో జీవితమంతా జనానికి లెక్కలు చెప్పిన నాకే ఇది తెలియలేదు, కాబట్టి పిల్లలు దగ్గరుండి నేర్పాలి.

రెండోది చాలా చిన్నది. మా జట్టులో పదహారుగురం. సాయంత్రం ఆరున్నరకు క్లాసు. నడిపే అమ్మాయి ఆరుంపావుకే గది తెరిచి పెడుతుంది. పాఠం ఉండదు, ఏమీ ఉండదు. ఎవరింట్లో ఏం కూర, ఎవరి మనవడికి పరీక్షలు, ఎవరి బీపీ ఎంత. క్లాసు అయ్యాక కూడా పది నిమిషాలు ఆపకుండా ఉంచుతుంది. నా మటుకు నేను కట్టే డబ్బు ఈ ముందు వెనకల పావుగంటలకే. మధ్యలో జరిగేది బాగుంటే సంతోషం, బాగోకపోయినా నష్టం లేదు.

ఆ మధ్యలో జరిగేది కూడా చెప్పాలి కదా. సోమవారం పద్యాలు, మంగళ గురువారాలు పాట, బుధవారం ఫోను పాఠం, శుక్రవారం కబుర్ల రోజు. పాట క్లాసు గురించి ఒక మాట. ఆన్‌లైన్‌లో అందరం కలిసి పాడటం కుదరదు. ఒకరి గొంతు మరొకరికి చేరేసరికి రెప్పపాటు ఆలస్యమవుతుంది. పదహారు చోట్ల పదహారు రకాల ఆలస్యం. తాళం చెల్లాచెదరైపోతుంది. అందుకని మా టీచరు ఒకరిని పాడించి, మిగిలినవాళ్లం మైకు ఆపుకుని ఎవరింట్లో వాళ్లం వెంట పాడుకునేలా ఏర్పాటు చేసింది. ఇంకో ఇబ్బంది శ్రుతి పెట్టెతో. క్లాసు నడిచే జూమ్ యాప్ దాన్ని ఫ్యాను చప్పుడనుకుని నొక్కేస్తుంది. సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్' పెట్టాక వినిపించింది. మా ఊరి సూర్యకళామందిరంలో కచేరీలు విన్న చెవులకు ఇది ఆనదు. అయినా ఏకాంతంగా పాడుకునే పాటకూ, పదిహేనుమంది వింటారని తెలిసి పాడే పాటకూ చాలా తేడా ఉంది. మంగళవారం పాడాలంటే ఆదివారం నుంచే సాధన చేస్తాను.

కుర్చీ యోగా మాత్రం ఎవరికీ ధైర్యంగా చెప్పలేను. టీచరుకు మన ముఖం, భుజాలు కనిపిస్తాయి. మోకాలు ఎక్కడుందో, కుర్చీ జారుతోందో కనిపించదు. మొదటిచోట ఒకసారి నడుము తిప్పమంటే తిప్పి వారం రోజులు మంచమెక్కాను. చేసేవాళ్లు చేయండి. కానీ కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ, ప్లాస్టిక్ కుర్చీ వద్దు. చేతులున్న బరువైన చెక్క కుర్చీ గోడకు ఆనించి వేసుకోండి. ముందు మీ డాక్టర్ని అడగండి.

శుక్రవారం కబుర్ల రోజే మా అందరికీ ఇష్టం. పోయిన వేసవిలో ఆవకాయ గురించి మాట మొదలైంది. మా గోదావరి వైపు వాళ్లం ఆవపిండి ఘాటే ప్రాణమంటాం. గుంటూరు ఆవిడ వెల్లుల్లి రేకలు లేనిది ఆవకాయే కాదంది. వరంగల్ ఆయన వాళ్లమ్మ అల్లం వెల్లుల్లి నూరి కలిపి, కాచి చల్లార్చిన నూనెతో పెట్టేదని చెప్తూ మధ్యలో ఆగిపోయారు. ఆమె పోయి నలభై ఏళ్లయిందట. ఆ ఎండలూ, ముక్కలు కొట్టే కత్తిపీటా, జాడీ మూతకు కట్టిన గుడ్డా అన్నీ చెప్పారు. గంట అనుకున్నది గంటా నలభై నిమిషాలైంది. ఏ పాఠ్యప్రణాళికలోనూ లేని క్లాసు అది.

జట్టులో ఇద్దరు అమెరికాలో పిల్లల దగ్గర ఉంటారు. మన సాయంత్రం ఆరున్నర వాళ్లకు న్యూజెర్సీలో పొద్దున్న తొమ్మిది. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక ఎనిమిది. కోడలు, కొడుకు పనులకు వెళ్లిపోతారు. కారు నడపడం రాదు, బయట మంచు, నడిచి వెళ్లడానికి పక్కిల్లు కూడా ఉండదు. చుట్టూ అయినవాళ్లుండీ పలకరింపు లేని బతుకు నా రెండో అంతస్తు కంటే భారమని వాళ్లను చూశాకే తెలిసింది. మా అబ్బాయీ అక్కడే ఉంటాడు. "రా అమ్మా" అంటాడు. వెళ్తే ఈ ఆరున్నర క్లాసు నాతో వస్తుందన్న ధైర్యం ఇప్పుడుంది.

ఒక సంఘటన రాయక తప్పదు. మా జట్టులో ఒకావిడ ఒక్క రోజు కూడా మానదు. ఒక బుధవారం రాలేదు. ఫోను చేస్తే బిజీ, మళ్లీ బిజీ. నడిపే అమ్మాయికి అనుమానమొచ్చి, చేరేటప్పుడు రాయించుకున్న పక్కింటివాళ్ల నంబరుకు చేసింది. వాళ్లు వెళ్లి తలుపు కొడితే, ఆవిడ వీడియో కాల్‌లో పోలీసు బట్టలు వేసుకున్నవాడి ముందు మధ్యాహ్నం నుంచీ కూర్చుని ఉంది. మీ పేరున వచ్చిన పార్శిల్లో మత్తుమందు దొరికింది, డిజిటల్ అరెస్టు చేశాం, ఎవరికీ చెప్పకూడదు అన్నాడట. అప్పటికే కొంత పంపేసింది. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేశారు. కొంత వెనక్కి వచ్చింది, కొంత రాలేదు. డిజిటల్ అరెస్టు అన్నది మన చట్టంలోనే లేదు. మరుసటి బుధవారం ఫోను పాఠంలో ఆవిడే ఇది మాకందరికీ చెప్పింది. చెప్తుంటే చేతులు వణికాయి. "ఎవరికీ చెప్పకు" అన్న ఒక్క మాటతో వాళ్లు మనల్ని కట్టిపడేస్తారు. ఎవరూ పలకరించని ఇంట్లో ఆ మాట ఇంకా బాగా పనిచేస్తుంది.

అందుకే చేరే ముందు ఎవర్నైనా నేను అడగమనేది ఒకటే: "మా అమ్మ మూడు రోజులు రాకపోతే మీరేం చేస్తారు?" ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్ల దగ్గర చేర్చండి. సిలబస్ తర్వాత చూసుకోవచ్చు.

సామాను సంగతులు. ఫోనులో ముఖాలు గోరంత కనిపిస్తాయి. పది అంగుళాల ట్యాబ్ కొనండి, దాన్ని నిలబెట్టే స్టాండు కొనండి. నాకు చెవి మిషను ఉంది. దాని మీద ఇయర్‌ఫోను పెడితే కూత పెట్టేది. బ్లూటూత్ ఉన్న మిషనుకు మారాక మాట నేరుగా చెవిలోకే వస్తోంది. ఖరీదు ఎక్కువే. అది కుదరకపోతే ట్యాబ్‌కు చిన్న స్పీకరు తగిలించినా చాలు. కరెంటు పోతే వైఫై పోతుంది కాబట్టి రూటరుకు చిన్న యూపీఎస్ పెట్టించాను. లింకు నొక్కడం మొదటి పదిరోజులు ఎవరైనా పక్కనుండి నేర్పాలి. మా అమ్మాయి పుణె నుంచి వీడియోలో నేర్పింది, విసుక్కోకుండా. విసుక్కుని ఉంటే నేను వదిలేసేదాన్ని.

కుదరనివి కూడా ఉన్నాయి. వాన పడితే మా వరంగల్ ఆయన బొమ్మ కదలకుండా నిలిచిపోతుంది. నాకు ఒంట్లో బాగోకపోతే గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చేది కింది అంతస్తు అమ్మాయే, తెరమీది మనుషులు కాదు. ఏడాది కిందట మా జట్టులో ఒక పెద్దాయన పోయారు. ఆయన చతురస్రం లేని తెర చూస్తూ ఆ రోజు ఎవరం ఏమీ మాట్లాడలేకపోయాం. వెళ్లి ఆయన భార్య పక్కన కూర్చోలేకపోయాను. అది ఇప్పటికీ లోటుగానే ఉంది. ఆవిడ మూడు నెలల తర్వాత ఆయన పేరుతోనే క్లాసులోకి వచ్చింది. పేరు మార్చనా అని నడిపే అమ్మాయి అడిగితే, అలాగే ఉంచమంది.

నేను నెలకు ఆరువందలు కడుతున్నాను. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు, ఒప్పుకోలేదు. పదహారుగురిని నలభై చేయబోతున్నారని ఒక మాట వినిపిస్తోంది. అలా చేయొద్దని మేమంతా కలిసి ఉత్తరం రాశాం. జవాబు వచ్చేదాకా మూడేసి నెలలకే కడతాను. టైము ఆరు దాటింది. ఈరోజు మంగళవారం, పాడాల్సిన వంతు నాది.