కీడెంచే కాగితం: వైట్ సాక్స్ అభిమానిగా ఏళ్ల తరబడి వాడాక

ఏటా మార్చిలో, బేస్‌బాల్ సీజన్ మొదలయ్యే ముందు, ఒక తెల్ల కాగితం తీసుకుని షికాగో వైట్ సాక్స్‌కి ఆ ఏడాది పట్టగల అతి ఘోరమైన గతి ఏమిటో రాసి పెట్టుకుంటాను. ఎన్ని ఓటములు, ఎవరెవరికి దెబ్బలు, ఎవరిని వేరే జట్టుకి ఇచ్చేస్తారు, వరసగా ఎన్ని ఓడతారు. ఒక్క పేజీ. రాశాక మడిచి బల్ల సొరుగులో పడేస్తాను. 2018 సీజన్ ముందు మొదలుపెట్టాను, ఇప్పటికీ మానలేదు. బేస్‌బాల్ చూసే తెలుగువాళ్లు నలుగురైదుగురు ఈ అలవాటు గురించి అడిగారు కాబట్టి, ఇన్నేళ్ల వాడకంలో ఇది నాకెంతవరకు పనికొచ్చిందో రాస్తున్నాను.

ఈ కాగితంతో వచ్చే లాభం ఒక్కటే, ముందే బాధపడి ఉంచుకోవడం. బేస్‌బాల్‌లో అది చిన్న లాభం కాదు. ఆరు నెలల్లో 162 ఆటలు. వరల్డ్ కప్ ఫైనల్లో ఓడిపోతే ఓ వారం పేపరు తెరవకుండా, టీవీ పెట్టకుండా గడిపేయొచ్చు. ఇక్కడ రాత్రి పదింటికి ఓడిన జట్టు మర్నాడు మధ్యాహ్నానికే మళ్లీ మైదానంలో ఉంటుంది, మనం ఇంకా నిన్నటి బాధలోనే ఉంటాం. కీడెంచి మేలెంచమని పెద్దలు ఊరికే అనలేదు.

మొదటి ఏళ్లలో ఇది చక్కగా పనిచేసింది. 2016 డిసెంబర్‌లో మంచి పిచర్ (బంతి విసిరేవాడు) క్రిస్ సేల్‌ని బోస్టన్‌కి, మరుసటి ఏడాది ఇంకో పిచర్ హోసే కింటానాని ఊళ్లోనే ఉన్న మరో జట్టు కబ్స్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చిన కుర్రాళ్లు ఎదిగేదాకా ఓపిక పట్టాలన్నారు. 2018 కాగితం మీద 105 ఓటములు రాశాను, 100 దగ్గర ఆగింది. నూరో ఓటమి రోజున నాకు పెద్ద టెన్షన్ లేదు, నా లెక్కలో ఇంకా ఐదు మిగిలే ఉన్నాయి. 2019లో 72 గెలిచారు. కాగితం కంటే జట్టు ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉండేది, ఆ మెట్టు మీదే నా మనశ్శాంతి.

మా అమ్మకి మాత్రం ఇది మొదటి నుంచీ నచ్చలేదు. తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట: "అలాంటివి రాయకురా నాన్నా, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు." అమ్మ మాట కొట్టిపారేయడం నాకు చేతకాదు. అందుకని కాగితం పైన పెద్ద అక్షరాలతో "జరగకూడనివి" అని రాసి, కింద మొదలుపెడతాను. ఆ ఒక్క మార్పుతో ఆవిడా ఊరుకుంది.

2021 గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కాగితానికి ధర ఉందని అప్పుడే తెలిసింది. ఆ ఏడాది 93 గెలిచి తమ డివిజన్‌లో (జట్ల గుంపులో) మొదటి స్థానం కొట్టారు. టిమ్ ఆండర్సన్, హోసే అబ్రేయు, లాన్స్ లిన్, ఆ ఏప్రిల్‌లోనే నో-హిటర్ (ఎదుటి జట్టుకి ఒక్క హిట్టూ ఇవ్వని ఆట) విసిరిన కార్లోస్ రొడాన్. నేను అమెరికా వచ్చాక చూసిన అతి మంచి వైట్ సాక్స్ జట్టు అది. ప్రతి గెలుపు తర్వాతా నా మనసు సొరుగు వైపే పోయేది. అక్టోబర్‌లో ప్లేఆఫ్ సిరీస్‌ని హ్యూస్టన్ చేతిలో 3-1 ఆటలతో ఓడినప్పుడు బాధ తక్కువే అనిపించింది, నిజమే. కానీ ఆ వేసవిలో పడాల్సినంత సంతోషం కూడా పడలేదు. దెబ్బకి మందు వేస్తే నాలుకకి రుచి కూడా పోయినట్టు. మంచి జట్టు ఉన్న ఏడాది ఈ కాగితం రాయొద్దని ఇప్పుడు ఎవరికైనా చెబుతాను.

ఇక 2024.

మార్చి 13న డిలన్ సీస్‌ని శాన్ డియాగోకి ఇచ్చేశారు. అంతకు ముందేడే 101 ఓడిన జట్టు, పైగా ఉన్న మంచి పిచర్ పోయాడు. మూలిగే నక్క మీద తాటికాయ. ఆ రాత్రే కాగితం రాశాను: 110 ఓటములు, వరసగా 12. లూయిస్ రాబర్ట్, మొంకాడా, ఎలోయ్ హిమెనెస్ ముగ్గురికీ దెబ్బలు. రాస్తూ ఇది మరీ ఎక్కువేమో అనుకున్నాను. మార్చి 28న మొదటి ఆటలో గారెట్ క్రోషే అద్భుతంగా విసిరాడు, అయినా 1-0తో ఓడారు. రెండు వారాలు తిరిగేసరికి ఆ ముగ్గురూ గాయాలతో బయట కూర్చున్నారు. మొదటి 25 ఆటల్లో గెలిచినవి 3. అయినా అప్పటికి నేను నిలకడగానే ఉన్నాను. జరుగుతున్నవన్నీ సొరుగులో ఉన్నవే.

కాగితం చేతులెత్తేసింది మే 23న.

మా బావమరిది ఇల్లినాయ్ టెక్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు, స్టేడియం అక్కడికి నడిచిపోయేంత దూరం. సెలవులకి నేపర్‌విల్‌లో మా ఇంటికి వచ్చి ఉన్నాడు. క్రికెట్ తప్ప వేరే ఆట చూసి ఎరగడు. ఆ గురువారం సాయంత్రం బాల్టిమోర్‌తో ఆట. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి బాగా వెనకబడి ఉన్నాం, నేను రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. అంతలో 8-6 దాకా లాక్కొచ్చారు. మూడు అవుట్లు పడితే ఇన్నింగ్స్ అయిపోతుంది, అప్పటికి ఒక్క అవుటే పడింది. మొదటి బేస్ మీద ఒకడు, రెండో బేస్ మీద ఆండ్రూ వాన్. మొదటి బేస్ మీదున్నవాడు కూడా బేస్‌లు చుట్టి హోమ్ ప్లేట్‌కి చేరితే సమం. నేను సోఫా చివరికి జరిగి కూర్చున్నాను.

మా బ్యాటర్ బెనింటెండి కొట్టిన బంతి నిలువుగా పైకి లేచింది. అది కిందికి రాకముందే అంపైర్ చెయ్యెత్తి అవుటన్నాడు.

"బావా, క్యాచ్ పట్టకముందే అవుటిచ్చాడేంటి?"

ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్ అని చెప్పాను. మొదటి రెండు బేస్‌ల మీద రన్నర్లుండి, రెండు అవుట్లు ఇంకా పడనప్పుడు, దగ్గర్లోనే పడే తేలిక క్యాచ్ లేస్తే బ్యాటర్‌ని అక్కడికక్కడే అవుట్ ఇచ్చేస్తారు. లేకపోతే ఫీల్డర్ కావాలని బంతి జారవిడిచి, రన్నర్లు తికమకపడుతుంటే ఒక్క దెబ్బకి ఇద్దర్ని అవుట్ చేసేయగలడు. ఇది బ్యాటింగ్ జట్టుని కాపాడటానికి పెట్టిన రూలు. వాడు తలూపాడు, అర్థమైంది. సరే, రెండు అవుట్లు, ఇంకొకడు వస్తాడు.

ఎవరూ రాలేదు. బాల్టిమోర్ ఆటగాళ్లు చేతులు కలుపుకుంటున్నారు. రెండో బేస్‌కి వెనక్కి వెళ్తున్న వాన్, బంతి కోసం వస్తున్న బాల్టిమోర్ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) గన్నర్ హెండర్సన్ దారికి అడ్డొచ్చాడని ఇంకో అంపైర్ అవుటిచ్చాడు. హెండర్సన్ ఆ బంతిని ఏ ఇబ్బందీ లేకుండా పట్టుకున్నాడు. పట్టకపోయినా బ్యాటర్ అప్పటికే అవుట్. అంటే ఎవరికీ ఏ నష్టమూ చేయని అడ్డు. దానికి మూడో అవుట్, దాంతో ఆట ఖతం.

"క్రికెట్‌లో కూడా ఉంది బావా, ఫీల్డర్‌కి అడ్డొస్తే అవుట్," అన్నాడు మావాడు, నన్ను ఓదార్చడానికే. ఉంది. కానీ గాల్లో ఉన్న ఒక్క బంతికి ఇద్దరు అవుటై, ఎవరూ పరిగెత్తకుండానే ఆట ముగిసిపోవడం నేను అప్పటిదాకా చూడలేదు. రిప్లే పెట్టిన ప్రతిసారీ వాన్ తల పైకెత్తి బంతిని వెతుక్కుంటూ వెనక్కి అడుగేస్తున్నాడు, అంతే. ఆ అవుట్ ఇచ్చి తీరాల్సిన పనిలేదని లీగ్ తర్వాత జట్టుకి చెప్పినట్టు వార్తలొచ్చాయి. స్కోరు మాత్రం 8-6గానే ఉండిపోయింది.

ఆ రాత్రి నా కాగితంలో లేనిదేమిటో తెలిసొచ్చింది. అందులో అంకెలున్నాయి, దెబ్బలున్నాయి, పేర్లున్నాయి. ఓడే తీరు లేదు. అది ఎవరూ ముందుగా ఊహించలేరు. నిజంగా గుచ్చుకునేది అదే. నూట పదో ఓటమి, నూట పదకొండో ఓటమి, వీటి మధ్య తేడా నాకు గుర్తులేదు. వాన్ వెనక్కి వేసిన అడుగు గుర్తుంది.

ఆ ఓటమి కూడా కలుపుకుని వరసగా 14 ఓడారు. తర్వాత జూలై 10 నుంచి ఆగస్టు 5 దాకా 21. 1988లో బాల్టిమోర్ పేరున ఉన్న అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు సగాల్లో మాది) రికార్డుతో సమం. ఓక్‌లాండ్‌లో 5-1తో గెలిచి ఆ వరస తెంచిన రెండు రోజులకే మేనేజర్‌ని తీసేశారు. ఆ నెల రోజులు కాగితం నాకు ఏ సాయమూ చేయలేదని ఒప్పుకుని తీరాలి. సొరుగు తెరవడం కూడా మానేశాను.

సెప్టెంబర్‌లో మాత్రం అనుకోనిది జరిగింది. 1962 న్యూయార్క్ మెట్స్ 120 ఓడింది, 1900 తర్వాత అంతకంటే ఎక్కువ ఓడిన జట్టు అప్పటిదాకా లేదు. మావాళ్లు 22వ తేదీకి ఆ 120కి చేరారు. 24న ఏంజెల్స్‌తో సొంత మైదానంలో ఆట. బావమరిది ఫోన్ చేసి, "వెళ్దామా బావా" అన్నాడు. డౌన్‌టౌన్ నుంచి రాక్ ఐలాండ్ లైన్ రైలెక్కి 35వ వీధిలో దిగాను, గేటు దగ్గర వాడు నిలబడి ఉన్నాడు.

లోపల 17 వేల పైచిలుకు జనం. ఆ ఏడాది మంగళవారం రాత్రికి అది పెద్ద సంఖ్యే. 121వ ఓటమి కళ్లతో చూడాలనే చాలామంది వచ్చారు. జట్టు అమ్మేయమని యజమానిని ఉద్దేశించి అరుపులు. ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 2-0తో వెనకబడ్డాం. ఆ సీజన్‌లో ఏడు ఇన్నింగ్స్ తర్వాత వెనకబడి ఉన్న 94 ఆటల్లో అప్పటిదాకా గెలిచింది ఒక్కటీ లేదు. అలాంటిది ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు రన్‌లు తెచ్చారు. 3-2. మా ముందు వరసలో పొద్దుటి నుంచీ ఓడాలనే కోరుకున్నట్టున్న ఒక పెద్దాయన లేచి రెండు చేతులతో పక్కవాళ్లని కుదిపేస్తున్నాడు. "వీళ్లు ఓడాలని వచ్చారా, గెలవాలని వచ్చారా?" అని అడిగాడు మావాడు. ఆ నిమిషంలో అక్కడ ఎవరూ ఓటమి కోరుకోలేదు, అది మాత్రం నేను కళ్లతో చూశాను. మర్నాడు గెలిచారు, ఆ మర్నాడు 7-0తో గెలిచారు.

121వది చివరికి 27న డెట్రాయిట్‌లో వచ్చింది, అదే రోజు డెట్రాయిట్‌కి ప్లేఆఫ్ బెర్తు ఖాయమైంది. 2003లో 119 ఓడి, చివరి ఆరింటిలో ఐదు గెలిచి రికార్డు తప్పించుకున్న జట్టు అదే. మావాళ్లు 41-121తో ముగించారు. జూలైలో మా దగ్గర్నుంచి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి వెళ్లిన మైకేల్ కోపెక్ ఆ ఏడాదే బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. క్రోషే డిసెంబర్‌లో బోస్టన్ వెళ్లిపోయాడు.

ఇంకొకటి కూడా కాగితంలో లేదు, దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. ఘోరంగా ఓడిన జట్టుకి తర్వాతి డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లని వంతుల వారీగా ఎంచుకోవడంలో) ముందు వరస దక్కుతుందని అభిమానులు ఆశ పెట్టుకుంటారు. పెద్ద నగరాల జట్లు ఆ ముందు వంతులు తేల్చే లాటరీలో వరసగా రెండేళ్లు పాల్గొనకూడదని రూలు. 2024లో లాటరీలో ఐదో పిక్ (వంతు) తీసుకున్నారు కాబట్టి, 121 ఓడిన జట్టుకి 2025లో పదో స్థానం ఇచ్చారు. జట్లు కావాలని ఓడకూడదని పెట్టిన రూలు, దాని ఉద్దేశం నాకు తెలుసు. కానీ ఆ ఏడాది ఆ ఆటలన్నీ చూసినవాడికి అది న్యాయం అనిపించదు.

2025 నుంచి కాగితం మార్చాను. ఓటముల అంకె పైన ఒక్కటే రాస్తున్నాను, మిగతా పేజీ ఖాళీ. సీజన్ సాగుతుంటే ఊహకందనివి అందులో చేరుస్తాను, చెడ్డవైనా మంచివైనా. 2025లో 60 గెలిచి 102 ఓడారు. ఆ పేజీలో మొదటగా చేరింది మే 8న ఎన్నికైన పోప్ లియో: మా షికాగో మనిషి, వైట్ సాక్స్ అభిమాని, 2005 వరల్డ్ సిరీస్ మొదటి ఆటకి స్టేడియంలో కూర్చున్నాయన. ఏ మార్చిలోనైనా ఎవరు రాయగలరు ఇది?

ఎవరికి పనికొస్తుందంటే: రాత్రి ఆట చూసి పొద్దున్నే పనికి లాగిన్ అవ్వాల్సిన నాలాంటివాళ్లకి, అదీ జట్టు బాగోలేని ఏళ్లలో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా బాగానే పనిచేస్తుంది. నా చుట్టూ ఉన్న తెలుగువాళ్లలో ఈ జట్టు గురించి మాట్లాడుకునేవాళ్లు లేరు, కాగితంతో నాకు ఆ లోటు కూడా కొంత తీరుతుంది. పక్కన నలుగురు స్నేహితులు ఉన్నవాళ్లకి దీని అవసరం ఉండకపోవచ్చు. చిన్నపిల్లలకి చూపించకండి, మా పాపకి నేను చూపించను. సీజన్ టికెట్ కొని 81 ఆటలకీ వెళ్లేవాళ్ల సంగతి వేరు. నేను ఎక్కువగా ఇంట్లోనే చూస్తాను, పోగొట్టుకునేది నిద్ర మాత్రమే. వాళ్లకి డబ్బూ పోతుంది, ఆదివారాలూ పోతాయి. దానికి ఒక్క పేజీ కాగితం సరిపోతుందని నేను చెప్పలేను.