తిరుపతిలో ఫిషింగ్ కయాక్ కొనబోయేవాళ్లకి: స్టిక్కరు తడిపి చూడండి

రీల్స్‌లో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న సన్నటి పడవ) మీద నిలబడి గాలం విసిరి, "మీరు కూడా ఇట్లా నిలబడచ్చు సార్" అని నవ్వుతాడే, ఆయన దగ్గరే కొన్నాను. కేసు వేయబోతున్నాను కాబట్టి పేరు రాయను. ఈ చుట్టుపక్కల గాలం పట్టేవాళ్లలో ఆ రీలు చూడనివాళ్లు తక్కువ, మీకు ఈపాటికే అర్థమయ్యుంటుంది. ఇంకా డబ్బు కట్టకపోయుంటే ఆగండి. అడ్వాన్సు ఇచ్చేసుంటే ఇవాళే ఫోన్ చేసి వెనక్కి అడగండి.

నాకు కొర్రమీను పిచ్చి. గట్టు మీద నుంచి ఎంత గట్టిగా విసిరినా ఫ్రాగ్ (గాలానికి ఎరగా కట్టే రబ్బరు కప్ప) తామరాకుల అంచు దగ్గరే పడుతుంది, చేపేమో ఆకుల నడుమ ఉంటుంది. పుట్టి ఎక్కితే అది నా మాట వినదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. అందుకని కయాక్. కనబడిన వీడియో అల్లా చూశాను, అందరూ దాదాపు ఒకటే చెప్పారు. మొదటిసారి కొనేవాడు సిట్-ఆన్-టాప్ తీసుకోవాలి, అంటే లోపలికి కాళ్లు దూర్చి కూర్చునేది కాదు, పైన కూర్చునేది. తిరగబడినా దాని నిండా నీళ్లు చేరవు, మళ్లీ ఎక్కి కూర్చోవచ్చు. చేపలు పట్టడానికైతే వెడల్పు 32 అంగుళాలు ఉంటే మంచిది. పొడవు 10, 11 అడుగులు చాలు, మన చెరువులకి అంతకన్నా అక్కర్లేదు. బోటు మోస్తుందని రాసిన బరువులో 70 శాతం దాకానే మనం లెక్క వేసుకోవాలి. ఇవన్నీ కాగితం మీద రాసుకుని మరీ వెళ్లాను. ఇంజనీరు బుర్ర కదా! కాగితం తీసుకెళ్లిన మహానుభావుడు కొలిచే టేపు తీసుకెళ్లలేదు.

"వెడల్పెంత?" అంటే "32 సార్, కరెక్టుగా 32" అన్నాడు. బరువు అడిగితే సీటు పక్కన స్టిక్కరు చూపించాడు, 150 కేజీలు. నేను 88. గాలం రాడ్లు, సామాను డబ్బా, నీళ్ల సీసా, చిన్న ఐస్ బాక్స్ అన్నీ కలిపినా వంద దాటవు. 150లో 70 శాతం 105. లెక్క సరిపోయిందని లోపల్లోపల మురిసిపోయాను కూడా. అమెరికా మోడల్ అన్నాడు. ఎక్కడ వేసుకోవచ్చు అంటే "కళ్యాణి డ్యాములో వేసుకోండి, పులికాట్‌లో వేసుకోండి, ఎవడూ అడగడు" అన్నాడు. కళ్యాణి డ్యాము నీళ్లు తిరుపతికీ కొండకీ తాగడానికి పోతాయి, చుట్టూ శేషాచలం అడవి. అక్కడ బోటు దింపితే అడిగేవాళ్లు చాలామందే ఉంటారు. పులికాట్‌లో పక్షుల అభయారణ్యం ఉంది. ఆ మాటతోనే లేచి వచ్చేయాల్సింది. రాలేదు. 43 వేలు. 20 క్యాష్ ఇమ్మన్నాడు, మిగతాది ఫోన్‌పే. బిల్లు లేకపోతే నాలుగు వేలు తగ్గిస్తానన్నాడు, ఆ 43 అట్లా తగ్గాకే. నాలుగు వేలు మిగిలాయని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను.

శ్రీకాళహస్తి అవతల మా బావమరిది వాళ్ల ఊరి చెరువుకి తీసుకెళ్లాం. చేపల పాట దక్కించుకున్న సంఘం వాళ్లని అడిగి, వాళ్లు సరే అన్నాకే దింపాం. మొదట బాగానే ఉంది. తెడ్డు పొట్టిది ఇచ్చాడు, ప్రతి దెబ్బకీ వేళ్లు అంచుకి తగులుతున్నాయి, అయినా కదులుతోంది కదా అని సర్దుకున్నాను. ఆకుల దగ్గరికి పోయి గాలం రెండు మూడు సార్లు విసిరేసరికి తేడా తెలిసింది. కొంచెం పక్కకి ఒరిగితే బోటు ఇంకొంచెం ఒరుగుతోంది. తిన్నగా అవడానికి టైం తీసుకుంటోంది. నాకు అలవాటు లేక అనుకున్నాను. డబ్బా అందుకుందామని వెనక్కి తిరిగాను, అంతే. రాడ్డు, దానికి దారం చుట్టే రీలు, డబ్బా, నేను, అన్నీ చెరువులో.

లైఫ్ జాకెట్ నాదే, గట్టిది, అందుకే ఇది రాస్తున్నాను. వాడు "ఫ్రీ" అని ఇచ్చిన పల్చటి నారింజ రంగు చొక్కా వేసుకునుంటే ఏమయ్యేదో తెలీదు. మళ్లీ ఎక్కబోతే బోటు ఇంకోసారి బోర్లా పడింది. థర్మాకోల్ తెప్ప మీద వలలు తీసుకుంటున్న పెద్దాయన వచ్చి గట్టుకి లాగాడు. ఆయన తెప్ప వెయ్యి రూపాయలు కూడా అయ్యుండదు, ఆయన పంచె తడవలేదు. నా బోటుని ఒకసారి ఊపి చెవి పెట్టి విని, "కడుపులో నీళ్లున్నాయి నాయనా దీనికి" అన్నాడు. నిజమే. గట్టు మీద వెనకవైపు బిరడా విప్పి పైకెత్తితే బకెట్లు బకెట్లు కారింది.

కొత్తగా కొనేవాళ్లు ఇది తెలుసుకోవాలి. ఈ రకం బోటు లోపల గుల్లగా ఉంటుంది, ఆ గాలే దాన్ని తేలుస్తుంది. పైన సీటు దగ్గర నుంచి కింద దాకా గొట్టాల్లాగా రంధ్రాలు ఉంటాయి, స్కప్పర్లు అంటారు. పైన పడిన నీళ్లు వాటిలోంచి చెరువులోకే పోతాయి, గుల్లలోకి పోవు. అవి చూసి భయపడక్కర్లేదు. భయపడాల్సింది గుల్లకి పడిన చిల్లు చూసి. మనవాడు మామూలు కయాక్ తెచ్చి, ఫిషింగ్ కయాక్ అనిపించడానికి వెనక రెండు రాడ్ హోల్డర్లు బిగించాడు. చెక్కకి కొట్టే స్క్రూలతో! కింద రబ్బరు వాషరు లేదు, సీలెంటు లేదు. ఒక హోల్డరు చేత్తో పట్టుకుంటే ఊగుతోంది. బోటు ఒరిగినప్పుడల్లా అక్కడ నుంచి లోపలికి నీళ్లు. లోపల చేరిన నీళ్లు ఒకచోట కుదురుగా ఉండవు, బోటు ఎటు ఒరిగితే అటే పరుగెడతాయి, ఇంకా అటే లాగుతాయి. నేను బ్యాలెన్సు రాక పడ్డాననుకున్నది ఇది.

అది ఒక్కటే అయితే చేతకాని పనితనం అని సరిపెట్టుకునేవాణ్ని. నీళ్లలో నానిన స్టిక్కరు మూల లేచింది. గోటితో గీకితే మొత్తం ఊడొచ్చింది. దాని కింద ఇంకో స్టిక్కరు, ఇంగ్లీషులో, ఎండకి వెలిసిపోయింది కానీ చదవచ్చు: గరిష్ఠ బరువు 250 పౌండ్లు. అంటే 113 కేజీలు. అందులో 70 శాతం 79. నేను ఒక్కణ్నే, ఖాళీ చేతులతో, బట్టలు కూడా లేకుండా ఎక్కినా ఎక్కువే. ఇంటికొచ్చి టేపు పెట్టాను. వెడల్పు 28 అంగుళాలు. నాలుగు అంగుళాలు ఏమంత పెద్ద తేడా అనుకునేవాళ్లు ఒకసారి దాని మీద కూర్చుని వెనక్కి తిరిగి చూడండి. ఎటో పోదామని చేసిన సన్న బోటు అది, ఒకచోట ఆగి అటూ ఇటూ తిరిగి గాలం వేసుకోవడానికి కాదు. దాని మీద నిలబడచ్చట!

బోర్లా తిప్పితే మిగతా కథ. అడుగున పొడవునా పాత గీతలు, వాటి మీద రంగు. ఒక స్కప్పరు గొట్టం అడుగున పగిలితే ఏదో వేడి ఇనుముతో రుద్ది అతికించారు. ఈ ప్లాస్టిక్‌కి జిగురు పట్టదు, వేడిగాలితో అదే రకం ప్లాస్టిక్ కరిగించి సరిగ్గా వెల్డింగు చేయాలి, ఇట్లా రుద్దితే మళ్లీ పగులుతుంది. అమెరికాలో అమ్మడానికి చేసిన బోట్లకి వెనక కుడిపక్కన 12 అక్షరాల నంబరు ఉంటుంది. నా దానికి సరిగ్గా ఆ చోట ఉప్పుకాగితంతో అరగదీసిన మచ్చ ఉంది. ఎక్కడో అద్దెకి తిప్పి పారేసిన బోటు, నాకు "ప్యాకింగ్ ఇప్పుడే విప్పాం సార్" అని కొత్తదాని రేటుకి అమ్మాడు.

ఇంతవరకూ కూడా నాకు మరీ అంత కోపం లేదు. వ్యాపారం, మోసం, మనకి కొత్తవి కావు. అడిగితే సగమైనా వెనక్కి ఇస్తాడని బొలేరో మాట్లాడుకుని బోటు ఎక్కించుకుని పోయాను. మావాడు కూడా వస్తానంటే వెంట తీసుకెళ్లాను. ఎందుకు తీసుకెళ్లానా అని ఇప్పుడు అనుకుంటున్నాను.

లోపల కొత్త బేరం నడుస్తోంది. ఎవరో కుర్రాడు, పక్కన భార్య. "ఇది మీ కోసమే పక్కన పెట్టాను సార్, నిన్ననే ఇద్దరు అడిగారు" అంటున్నాడు. నాకు చెప్పిన మాటే, అక్షరం తేడా లేదు. నన్ను చూసి కుర్చీలోంచి లేవలేదు. "ఏంది సార్, అప్పుడే చేపలు తెచ్చేశారా" అని నవ్వాడు. రెండు స్టిక్కర్లూ టేబుల్ మీద పెట్టాను. ఒకసారి చూసి, "కంపెనీవాళ్లు మారుస్తుంటారు, మాకేం సంబంధం" అన్నాడు. మరి 28 అంగుళాలు? "32 అంటే ప్యాకింగుతో కలిపి." స్క్రూలు? "అది ఫ్రీ ఫిట్టింగ్ అయ్యా, ఫ్రీగా చేసిచ్చినా తప్పేనా?"

కట్టేటప్పుడు సార్, తిరిగొచ్చాక అయ్యా. నేను గొంతు పెంచాను, కాదనను. మునిగింది నేను, నా గాలం రీలు చెరువు అడుగున ఉంది అన్నాను. అప్పుడు అన్నాడు, ఆ కుర్రాడికి వినబడేలా: "బోటుకేం కాలేదయ్యా. మనిషి బరువుగా ఉంటే బోటేం చేస్తుంది? ముందు ఆ పొట్ట తగ్గించుకో, తర్వాత చేపలు పడుదువులే." పనికుర్రాడు పక్కున నవ్వాడు. ఆ దంపతులు అటు తిరిగి నవ్వాపుకున్నారు. మావాడు చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు.

సరే, నా పొట్ట సంగతి నేను చూసుకుంటా, డబ్బు ఇవ్వు అన్నాను. "బిల్లుందా?" లేదు. "మరి నా దగ్గర కొన్నావని ఏంది గ్యారంటీ?" ఫోన్‌పే తీసి చూపించాను. ఆయన చూడను కూడా లేదు. "ఆ పేరు నాదా? చదువు." చదివాను. ఎవరో ఆడమనిషి పేరు. కట్టిన రోజు స్కాన్ చేసి, టింగుమని మోగగానే జేబులో పెట్టుకున్నాను, పేరు చూడలేదు. దుకాణం గోడ మీద ఉన్న కోడ్ అది, నేనేం దారిన పోయేవాళ్లకి వేయలేదు. "ఎవరికి కట్టావో పోయి వాళ్లని అడుక్కో" అని, ఆ కుర్రాడి వైపు తిరిగి, "చెప్పండి సార్, రంగు పచ్చదే కదా?" అన్నాడు. నేను అక్కడ లేనట్టే.

ఆ కుర్రాడు మరి కొన్నాడో లేదో. బయట బొలేరో దగ్గర కాసేపు ఆగాను, బయటికొస్తే చెబుదామని. డ్రైవరు వెయిటింగ్ చార్జి అన్నాడు. వచ్చేశాను. బోటు ఇప్పుడు మా డాబా మీద ఉంది, దాని మీద మా ఆవిడ వడియాలు ఆరబెడుతోంది. 43 వేల వడియాల పళ్లెం. డబ్బులు గోవిందా అని ఆమె రోజుకోసారి గుర్తు చేస్తోంది.

వదలను. తెలిసిన లాయరు చెప్పినదాని ప్రకారం బిల్లు లేకపోతే కేసు లేదనేది అబద్ధం. 2019 వినియోగదారుల చట్టంలో బిల్లు ఇవ్వకపోవడమే అన్యాయపు వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది. రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయచ్చు, కొన్న వస్తువు ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోమన్నాడు, తీసుకున్నాను. ఫోన్‌పే వివరాలు, ఆ అమ్మినాయన బోటు పంపినప్పటి వాట్సాప్ మెసేజ్‌లు, ఆ రీలు, అన్నీ దాచాను. రీలు డిలీట్ చేసినా నా దగ్గర ఉంది.

కొనేవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పి ఆపేస్తా. టేపు తీసుకెళ్లండి, వెడల్పు మీరే కొలవండి. చీకటిగా ఉన్నచోట పెట్టించి, మూత తీసి లోపల ఫోన్ టార్చి వేసి బయట నుంచి చూడండి, చిల్లు ఉంటే వెలుతురు కారుతుంది. రాడ్ హోల్డర్లు పట్టుకుని ఊపండి. స్టిక్కరు ఉంటే తడి గుడ్డతో రుద్దండి, ఒప్పుకోకపోతే అక్కడే వదిలేయండి. 32 అంగుళాలు ఆ పైన ఉన్న బోటుకి తెడ్డు 240 సెంటీమీటర్లు ఉండాలి. లైఫ్ జాకెట్ మీద ఐఎస్‌ఓ 12402 అని, ఎన్ని న్యూటన్లో (అంటే మనిషిని ఎంత బలంగా తేలుస్తుందో) రాసుండాలి. ఈత వచ్చి గట్టు దగ్గరే ఉండేవాళ్లకి 50, మిగతావాళ్లకి 100 చూసుకోండి. ఫ్రీగా ఇచ్చే చొక్కా కుక్కకి పక్క వేయండి. గాలి కొట్టి ఉబ్బించే కయాక్‌లు తక్కువకి వస్తాయి కానీ మన చెరువుల్లో కంప తుమ్మ ముళ్లు ఉంటాయి, మీ ఇష్టం. స్కాన్ చేశాక పేరు చదవండి, దుకాణం పేరు కాకపోతే పిన్ నొక్కొద్దు.

ఇదే మనిషి దగ్గర ఇదివరకు కొన్నవాళ్లు ఉంటే మీ బోటు స్టిక్కరు ఒక మూల తడిపి చూడండి. కింద ఇంకోటి కనబడితే రెండూ కలిపి ఫొటో తీసి నాకు మెసేజ్ పెట్టండి. ఇద్దరు ముగ్గురు అయితే ఒకేసారి వేద్దాం అంటున్నాడు లాయరు.