టెర్రాఫిర్మాక్రాఫ్ట్: రాతి ఈటె నుంచి కంచు గద దాకా

బ్లాకులతో లోకం కట్టుకునే మామూలు మైన్‌క్రాఫ్ట్ ఆటలో రాతియుగం పది నిమిషాల ముచ్చట. ఒట్టి చేత్తో చెట్టు కొట్టేసి, 3 రాళ్లు 2 పుల్లలతో పికాక్స్ (రాయి తవ్వే పనిముట్టు) చేసుకుంటాం. ఇనుము కనబడగానే రాతి సామాను మూలన పడుతుంది. 2 రాళ్లు, 1 పుల్లతో వచ్చే రాతి కత్తి 131 దెబ్బలకు ఆగుతుంది గానీ, అది అరిగిపోయేదాకా వాడేవాళ్లు అరుదు. టెర్రాఫిర్మాక్రాఫ్ట్ అనే ఉచిత మోడ్ (ఆట తీరును మార్చే చేర్పు) సరిగ్గా ఇక్కడే చెయ్యి పెట్టింది. ఈ సమీక్ష మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ 1.20.1కి వచ్చిన వెర్షన్ గురించి. ఆహారం, వాతావరణం, వ్యవసాయం జోలికి పోవడం లేదు. తయారీ రెసిపీలు, మొదటి ఆయుధాలు, వాటి మధ్య తూకం వరకే.

ముందుగా తెలియాల్సిన సంగతి: ఇందులో రాతి పికాక్స్ లేదు, రాతి కత్తి కూడా లేదు. రాతితో వచ్చేవి గొడ్డలి, పార, హో (మట్టి గుల్లచేసే పనిముట్టు), చాకు, సుత్తి, ఈటె మాత్రమే. కొండ తవ్వాలంటే రాగి కావాలి. ఒట్టి చేత్తో చెట్టు కూలదు. అందుకే మొదటి రోజంతా నేల మీద పడి ఉన్న విడి రాళ్లు, పుల్లలు ఏరుకోవడంతోనే గడుస్తుంది. ఆ ఒక్క నిర్ణయం వల్ల రాతి పనిముట్లకు ఎక్కడా లేని విలువ వచ్చింది.

రాయి చెక్కడం ఇలా ఉంటుంది. చేతిలో కనీసం 2 రాళ్లు ఉంచుకుని రైట్ క్లిక్ చేస్తే అడ్డంగా 5, నిలువుగా 5 గళ్లున్న పలక తెరుచుకుంటుంది. అక్కర్లేని గళ్లను ఒక్కొక్కటిగా నొక్కి తీసేస్తే, మిగిలిన ఆకారాన్ని బట్టి పనిముట్టు తల తయారవుతుంది. ఖర్చయ్యేది ఒక్క రాయే, కానీ మొదటి గడి నొక్కిన క్షణంలోనే అది పోతుంది. మధ్యలో మనసు మార్చుకుని పలక మూసేసినా తిరిగి రాదు. తప్పు గడి నొక్కితే దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. చాకు విషయంలో ఒక వెసులుబాటు ఉంది. నడిమి నిలువు వరుస మొత్తం తీసేసి, రెండు పక్కలా ఒక్కో చాకు ఆకారం మిగిల్చితే ఒకే రాయికి రెండు చాకు తలలు వస్తాయి. గడ్డి కోసేది చాకే, ఆ గడ్డితోనే కుండలు కాల్చాలి కాబట్టి, ఈ రెండో చాకు మొదటి వారంలో బాగా అక్కరకొస్తుంది.

ఏ రాయి దొరికిందన్న దాన్ని బట్టి పనిముట్టు మన్నిక మారుతుంది. బసాల్ట్, రయొలైట్ లాంటి లావా రాళ్లకు 70, గ్రానైట్ జాతికి 60, గ్నైస్, పలకరాయి లాంటి రూపాంతర శిలలకు 55, సున్నపురాయి జాతికి 50. తేడా ఉందని తెలిసేంత ఉంది, సున్నపురాయి నేలలో పుట్టినవాడి ఆట చెడిపోయేంత లేదు. ఇది మంచి తూకం. రాగికి వచ్చేసరికి మన్నిక ఒక్కసారిగా 600కి, కంచుకు 1300కి లేస్తుంది. ఆ పెరుగుదల చూసి కొందరు ఎక్కువంటారు. నా లెక్కలో అది న్యాయమే, ఎందుకంటే ఆ రాగి దాకా చేరడానికి పెట్టే చాకిరీ అంత ఉంది.

ఆ చాకిరీ లెక్క చూడండి. కరిగిన రాగి పోసే పనిముట్టు అచ్చుకు 5 బంకమన్ను ముద్దలు, రాగి కరిగించే చిన్న పాత్రకు ఇంకో 5. కాల్చడానికి నేలలో ఒక బ్లాకు లోతు గుంట తవ్వి, అందులో నాలుగు వస్తువులు పెట్టవచ్చు. కాబట్టి ఒక పాత్ర, మూడు అచ్చులు (పికాక్స్, రంపం, సుత్తి) ఒకే విడతలో కాలేలా వేసుకోవాలి. మొత్తం 20 ముద్దల మన్ను. వాటి మీద 8 గడ్డి, ఆపైన 8 దుంగలు పేర్చి నిప్పంటించాలి. మన కుమ్మరి ఆవం చూసినవాళ్లకు ఈ వరస కొత్తగా అనిపించదు. ఆట సమయంలో 8 గంటలు, అంటే మన గడియారంలో 6 నిమిషాల 40 సెకన్లు. గుంట నాలుగు పక్కలా గట్టి బ్లాకులు ఉండాలి, పైన ఖాళీ ఉండాలి. ఒక పక్క తెరిచి ఉంటే మంట నిలవదు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

తర్వాత లోహం. నేల మీద దొరికే చిన్న రాగి ముక్క ఒక్కోటి 10 యూనిట్లు, పికాక్స్ తలకు 100 కావాలి. మూడు పనిముట్లకు 30 ముక్కలు. వాటిని కాలిన పాత్రలో వేసి, అదే గుంటలో మళ్లీ 8 గడ్డి, 8 దుంగలతో కాల్చాలి. రాగి కరిగేది 1080 డిగ్రీల దగ్గర. మంట ఆరగానే ఆలస్యం చేయకుండా పాత్ర తెరిచి అచ్చుల్లోకి పోసేయాలి. చల్లారి గడ్డకడితే ఇంకో విడత కాల్చక తప్పదు. కంచు కావాలంటే రాగి 88 నుంచి 92 శాతం, తగరం 8 నుంచి 12 శాతం. 9 చిన్న రాగి ముక్కలకు 1 చిన్న తగరపు ముక్క వేస్తే సరిగ్గా 100 యూనిట్ల కంచు వస్తుంది. 8కి 2 వేస్తే తగరం 20 శాతమై, దేనికీ పనికిరాని గుర్తు తెలియని లోహం మిగులుతుంది. ఈ వేళ్ల మీది లెక్కను ఆటగాడి చేతికే వదిలేయడం ఈ మోడ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన పని.

ఇక ఆయుధాలు. ఇక్కడ దెబ్బ మూడు రకాలు: పొడవడం, కోయడం, మోదడం. ఈటె, చాకు పొడుస్తాయి. కత్తి, గొడ్డలి కోస్తాయి. సుత్తి, గద మోదుతాయి. స్కెలిటన్ (ఎముకల గూడు రాక్షసి) మీదికి ఈటె విసిరితే ఎముకల మధ్య నుంచి పోయినట్టే, దానికి దాదాపు ఏమీ కాదు. అదే రాతి సుత్తితో కొడితే చక్కగా తగులుతుంది. పైసా లోహం లేకుండా, ఒక్క రాయి, ఒక్క పుల్లతో చేసిన సుత్తి గుహలో నమ్మకమైన ఆయుధం కావడం మంచి ఆలోచన. పైగా డిఫాల్ట్ సెట్టింగుల్లో ఈ రాక్షసులు నేల మీద పుట్టరు, గుహల్లోనే ఉంటారు. నేల మీద భయమంతా ఎలుగులు, సింహాలు, తోడేళ్లతోనే. వాటికి ఈటె కావాలి. దూరం నుంచి విసిరి, వెళ్లి తీసుకుని మళ్లీ విసరాలి. ఒక్కటే పట్టుకుని వెళ్లడం ప్రమాదం, ఐదారైనా వెంట ఉండాలి.

లోహపు ఆయుధాల ధర కూడా ఆలోచించి పెట్టారు. పికాక్స్, చాకు, ఈటె తలలకు 100 యూనిట్లు సరిపోతే, కత్తికి, గదకు 200 కావాలి. 20 రాగి ముక్కలతో ఒక కత్తి చేయాలా, లేక ఒక పికాక్స్, ఒక రంపం చేయాలా? మొదటి రాగి దొరికిన రోజు అందరూ పనిముట్ల వైపే మొగ్గుతారు, కాబట్టి రాతి ఈటెలు రాగియుగంలోనూ చేతిలోనే ఉంటాయి. దెబ్బ అంకెలు పెంచి తగ్గించి కాకుండా, ఖర్చుతోనే పాత ఆయుధాన్ని బతికించారు.

లోపాలూ ఉన్నాయి. పనిముట్ల అచ్చు ఒక్క వాడకంతో పగిలిపోతుంది. మొదటిసారి అది సబబే. పదో పికాక్స్‌కి కూడా మళ్లీ 5 ముద్దల మన్ను తొక్కమనడం విసుగు. రాయి చెక్కే పలక కూడా అంతే, ముప్పయ్యోసారి అవే గళ్లు నొక్కడంలో నైపుణ్యం ఏమీ లేదు. అలవాటైన ఆకారాన్ని ఒక్క నొక్కుతో చేసే వీలు, కనీసం రాగి దాటాక అయినా, ఉండాల్సింది. రాతి గొడ్డలితో చెట్టు కూలిస్తే కొన్ని దుంగలు దక్కకుండా పోవడం మాత్రం నాకు సమ్మతమే. రాగి గొడ్డలి చేసుకోవడానికి అది సరైన కారణం.

దీన్ని తమ సర్వర్‌కి తగ్గట్టు మార్చుకునేవాళ్లకు కొన్ని మాటలు. రెసిపీలన్నీ డేటా ప్యాక్‌తో (ఆట నియమాలు రాసి ఉండే ఫైళ్ల కట్టతో) మార్చుకోవచ్చు. చెక్కుడు ఆకారం ఐదు వరుసల అక్షరాలుగా రాసి ఉంటుంది: అక్షరం ఉన్న చోట రాయి మిగలాలి, ఖాళీ ఉన్న చోట తీసేయాలి. కొత్త ఆకారం చేర్చేటప్పుడు పాతదానితో కలవకుండా చూసుకోండి, రెండూ ఒకటైతే ఏ వస్తువు వస్తుందో చెప్పలేం. వేరే మోడ్ నుంచి ఆయుధాలు తెస్తే రెండు పనులు తప్పనిసరి. మొదటిది, చెకుముకి రాయితో లేదా మామూలు రాయితో చేసే పికాక్స్ రెసిపీ ఉంటే తీసేయాలి, లేకపోతే పైన చెప్పిన మన్ను, అచ్చు, రాగి అంతా వృథా. రెండోది, ఆ ఆయుధాన్ని పొడిచేది, కోసేది, మోదేది అన్న మూడు ట్యాగుల్లో (వస్తువుల జాబితాల్లో) ఒకదాంట్లో చేర్చాలి. చేర్చకపోతే దాని దెబ్బ ఏ రకానికీ చెందదు, అప్పుడు స్కెలిటన్‌కి ఈటె పోటు నుంచి ఉన్న రక్షణ, అలా తెచ్చిన కొత్త బల్లెం ముందు పని చేయదు. లోహపు వస్తువైతే వేడి వివరాలు కూడా ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎంత మంటలో పెట్టినా వేడెక్కదు. మార్పులు చేశాక ఆట మూయకుండానే రీలోడ్ కమాండ్ ఇచ్చి, గుహలో ఒక స్కెలిటన్ మీద కొత్త బల్లెంతో ఒకసారి, రాతి సుత్తితో ఒకసారి కొట్టి చూడండి. సుత్తి కన్నా బల్లెం ముందు చంపితే ట్యాగు పడలేదని అర్థం.