క్యాలెండర్ ‘సింక్ ఫిక్స్’ ప్యాకేజీలు అమ్మేవాళ్లతో జాగ్రత్త

మ్యాక్ క్యాలెండర్‌లో రాసుకున్నది ఐఫోన్‌లో కనిపించడం లేదని నెట్‌లో వెతికితే, అన్నిటికంటే పైన ‘స్పాన్సర్డ్’ అన్న చిన్న అక్షరాల కింద ఒక టోల్‌ఫ్రీ నంబరు కనిపిస్తుంది. యాపిల్ పేరు, దాని గుర్తును పోలిన గుర్తు, సర్టిఫైడ్ టెక్నీషియన్లు నిమిషాల్లో సరిచేస్తారన్న హామీ. అది యాపిల్ నంబరు కాదు. అక్కడ ఏడాది సపోర్ట్ ప్యాకేజీ కొన్నందుకు నాకు డబ్బూ పోయింది, క్యాలెండరూ పోయింది. వాళ్ల పేరు రాయడం లేదు. రాసినా లాభం లేదు, రేపు ఇంకో పేరుతో దిగుతారు. పద్ధతి మాత్రం మారదు కాబట్టి అదే చెప్తాను.

నేను విజయవాడలో ట్యాక్స్ ప్రాక్టీస్ చేస్తాను. మా పని మొత్తం తేదీలతోనే. నెలనెలా 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి. ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్తాం, వీటికి క్యాలెండర్ అక్కర్లేదు. క్లయింట్ల నోటీసుల వాయిదాలు, అప్పీలు గడువులు అలా కాదు. జీఎస్టీ ఆర్డరు అందిన దగ్గర్నుంచి అప్పీలుకు 3 నెలలే గడువు. తగిన కారణం చూపిస్తే ఇంకో నెల ఇస్తారు, అంతే. అలాంటి తేదీలు ఆఫీసు ఐమ్యాక్‌లో రాస్తే ఫోన్‌లోకి కొన్ని వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. అసలేమీ రాకపోతే టెన్షన్ తక్కువ, వేరే ఏర్పాటు చూసుకుంటాం. సగం వచ్చినప్పుడే మిగతావీ వచ్చే ఉంటాయని నమ్ముతాం.

ఆ నంబరుకు ఫోన్ చేస్తే కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. “స్క్రీన్ షేర్ ఇవ్వండి సార్, ఒక్కసారి చెక్ చేస్తాను” అని, దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపించే రిమోట్ యాప్ వేయించాడు. లోపలికి రాగానే క్యాలెండర్ వైపు చూడనేలేదు. కన్సోల్ అనే యాప్ తెరిచి ‘స్టార్ట్ స్ట్రీమింగ్’ నొక్కాడు. వరసలు వరసలుగా ఇంగ్లీషు అక్షరాలు పైకి పరుగెడుతుంటే, మధ్య మధ్యలో పసుపు చుక్కలు, ఎర్ర చుక్కలు. ఎర్ర చుక్క దగ్గర కర్సర్ ఆపి, దాని చుట్టూ గుండ్రంగా తిప్పుతూ చూపించాడు.

“చూశారా సార్, ఇవన్నీ ఎర్రర్లే. మీ క్యాలెండర్ డేటాబేస్ మొత్తం కరప్ట్ అయింది. ఇలాగే వదిలేస్తే ఫోన్‌కి కూడా ఎక్కుతుంది సార్.”

ఈ చుక్కల సంగతి అందరూ తెలుసుకోవాలి. కన్సోల్ అంటే మ్యాక్ తన పనుల గురించి తానే రాసుకునే చిట్టా. నిన్న డబ్బా విప్పిన కొత్త మ్యాక్‌లో తెరిచినా ఆ చుక్కలు ఉంటాయి. వై-ఫై ఒక్క క్షణం తడబడినా ఒకటి పడుతుంది. విండోస్ వాళ్లకైతే ఇదే నాటకం ఈవెంట్ వ్యూయర్‌లో ఆడతారు. ఎవరైనా మీ కంప్యూటర్లోకి వచ్చి ముందుగా ఈ రెండిట్లో ఏది తెరిచినా, రిపేరు సంగతి పక్కనపెట్టి బేరం మొదలుపెట్టాడన్నమాట. అక్కడే రిమోట్ కట్ చేసేయొచ్చు.

ఒక్క సమస్యకు విడిగా రేటు లేదట, ఏడాది ప్యాకేజీయే తీసుకోవాలట. 4,999, పైన 18 శాతం జీఎస్టీ, వెరసి 5,899 రూపాయలు. యూపీఐలో రిక్వెస్ట్ పంపి పిన్ కొట్టించాడు. అది మామూలు పేమెంట్ కాదు, ఏటా అంతే మొత్తం లాక్కునే ఆటోపే అనుమతి. ఫోన్‌లో మాట్లాడినంతసేపూ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇక క్యాలెండర్ రిసెట్ చేస్తానన్నాడు. ఫైండర్‌లో (మ్యాక్‌లో ఫైళ్లు చూసుకునే యాప్) పైన ‘గో’ మెనూ తెరిచి, ఆప్షన్ మీట నొక్కి పట్టుకోమన్నాడు. అలా పట్టుకుంటేనే లైబ్రరీ ఫోల్డర్ బయటపడుతుంది. అందులోంచి క్యాలెండర్స్ ఫోల్డర్‌ను లాగి చెత్తబుట్టలో వేశాడు. “బాబూ, అందులో నా వాయిదాలున్నాయి, కాపీ తీశావా?” అని అడుగుతూనే ఉన్నాను. “ఐక్లౌడ్‌లో ఉంటాయి కద సార్, అవే దిగిపోతాయి” అంటూనే ‘ఎంప్టీ ట్రాష్’ కొట్టేశాడు. రీస్టార్ట్ అయ్యాక ఐక్లౌడ్‌వి, అంటే యాపిల్ సర్వర్‌లో ఉన్నవి, నిజంగానే వచ్చాయి. ‘వాయిదాలు’ అని విడిగా పెట్టుకున్న క్యాలెండర్ మాత్రం ఎంతసేపు చూసినా రాలేదు. అంతటితో ఊరుకోకుండా, ఐక్లౌడ్ కింద ఉన్న ఇంకోదాన్ని డూప్లికేట్ అంటూ డిలీట్ చేశాడు. బల్ల మీదున్న నా ఫోన్‌లోంచి ఆ నెల మీటింగులన్నీ చూస్తుండగానే మాయమయ్యాయి. తర్వాత “సీనియర్ కాల్ చేస్తారు సార్” అని పెట్టేశాడు.

అసలు జబ్బు ఏమిటో తెలిస్తే ఒళ్లు మండుతుంది. మ్యాక్ క్యాలెండర్‌లో ఎడమవైపు పట్టీ చూడండి. ఐక్లౌడ్, గూగుల్ లాంటి శీర్షికల కింద కొన్ని క్యాలెండర్లు ఉంటాయి. కొందరికి ‘ఆన్ మై మ్యాక్’ అని ఇంకో శీర్షిక కూడా ఉంటుంది. దాని కింద ఉన్నవి ఆ మ్యాక్‌లోనే ఉంటాయి, వేరే ఎక్కడికీ వెళ్లవు. ఫోన్‌లోకి రాకపోవడం లోపమే కాదు, దాని తీరే అంత. నా ‘వాయిదాలు’ క్యాలెండర్ ఉన్నది అక్కడే. దాన్ని ఐక్లౌడ్‌లోకి మార్చి, ప్రిఫరెన్సెస్‌లో (కొత్త మ్యాక్‌లలో దాన్నే సెట్టింగ్స్ అంటున్నారు) జనరల్ కింద ‘డిఫాల్ట్ క్యాలెండర్’ కూడా ఐక్లౌడ్‌దే పెట్టి ఉంటే పని అయిపోయేది. మార్చడం కూడా కష్టమేమీ కాదు. ఆ క్యాలెండర్‌ను ఎంచుకుని ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక ఐసీఎస్ ఫైలు వస్తుంది, దాన్ని ఐక్లౌడ్ క్యాలెండర్‌లోకి ఇంపోర్ట్ చేయడమే.

కాబట్టి రిసెట్ అనే మాట ఎవరి నోట విన్నా ముందు ఆ పట్టీ చూసుకోండి. సర్వర్‌లో ఉన్నవాటికి మ్యాక్‌లో ఉండేది నకలు మాత్రమే, పోయినా మళ్లీ దిగుతుంది. ‘ఆన్ మై మ్యాక్’ కింద ఉన్నదానికి అదే అసలు. ఎవరినైనా చెయ్యి పెట్టనిచ్చే ముందు ఫైల్, ఎక్స్‌పోర్ట్, ‘క్యాలెండర్ ఆర్కైవ్’ నొక్కి ఒక కాపీ డెస్క్‌టాప్ మీద పడేసుకోండి. ఒక్క సంగతి, ఆ ఆర్కైవ్‌ను తిరిగి తెరిస్తే అప్పుడు క్యాలెండర్‌లో ఉన్నదంతా పోయి పాతదే వచ్చి కూర్చుంటుంది, కలిసిపోదు.

ఐక్లౌడ్‌లో డిలీటైనవి మాత్రం వెనక్కి తెచ్చుకోవచ్చు. బ్రౌజర్‌లో ఐక్లౌడ్ డాట్ కామ్ తెరిచి డేటా రికవరీలో ‘రీస్టోర్ క్యాలెండర్స్’కు వెళ్తే, గత 30 రోజుల్లోపు పాత ప్రతులు తేదీలవారీగా ఉంటాయి. నేను అలాగే తెచ్చుకున్నాను. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. పాత ఇన్విటేషన్లన్నీ రద్దయి మళ్లీ కొత్తగా వెళ్తాయి, ఎవరితోనైనా షేర్ చేసిన క్యాలెండర్లను మళ్లీ షేర్ చేయాలి. రాత్రిపూట రీస్టోర్ కొట్టాను, తెల్లారేసరికి “మీటింగ్ క్యాన్సిలా సార్?” అని క్లయింట్ల ఫోన్లు. మీరు చేసేటప్పుడు ముందే ఒక మెసేజ్ పెట్టేయండి. గూగుల్ క్యాలెండర్ వాడేవాళ్లకు ఇంత గొడవ లేదు, వెబ్‌లో ట్రాష్ ఉంటుంది, డిలీటైన ఈవెంట్లు దాదాపు నెలపాటు అక్కడే పడి ఉంటాయి.

పోయిన వాయిదాలకు మాత్రం అలాంటి దారి లేదు. ఒక్కొక్క క్లయింట్ లాగిన్‌తో జీఎస్టీ పోర్టల్‌లోకి వెళ్లి ‘వ్యూ అడిషనల్ నోటీసెస్/ఆర్డర్స్’ తెరిచి, ఫైళ్ల అట్టల మీద రాసిన తేదీలతో సరిచూసి మళ్లీ రాసుకున్నాం. ఆఫీసులో మిగతా పనంతా ఆగిపోయింది.

డబ్బు కట్టే ముందు ఇంట్లో చూసుకోగలిగినవి ఇంకొన్ని ఉన్నాయి. మ్యాక్‌లో, ఫోన్‌లో ఉన్నది ఒకే యాపిల్ అకౌంటేనా? రెండిట్లోనూ ఐక్లౌడ్ కింద క్యాలెండర్ ఆన్‌లో ఉందా? పాత ఈవెంట్లు మాత్రమే ఫోన్‌లో కనిపించకపోతే, ఫోన్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో ‘సింక్’ అన్నచోట నెలకో, రెండు వారాలకో పరిమితి పెట్టి ఉంటుంది, ‘ఆల్ ఈవెంట్స్’ చేస్తే సరి. గూగుల్‌లో ఎవరో షేర్ చేసిన క్యాలెండర్ యాపిల్ యాప్‌లో రాకపోతే గూగుల్ వాళ్ల ‘సింక్ సెలెక్ట్’ పేజీలో దానికి టిక్ పెట్టాలి. ఇంకా రాకపోతే మ్యాక్ ఐక్లౌడ్ సెట్టింగ్స్‌లో క్యాలెండర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. సర్వర్‌లో ఉన్నవి మళ్లీ దిగుతాయి. మామూలు మనిషికి కావాల్సిన రిసెట్ అంతే. క్యాలెండర్ కనిపించకుండా చేయాలంటే టిక్ తీయండి, డిలీట్ నొక్కొద్దు. డిలీట్ అన్ని పరికరాల్లోనూ డిలీటే.

వాళ్లు పంపిన బిల్లు చూడాలి మీరు. జీఎస్టీ నంబరుకు 15 అక్షరాలుండాలి. ఇందులో 14 ఉన్నాయి. చిరునామా హైదరాబాద్‌ది, నంబరు మొదట్లో తెలంగాణ కోడ్ 36 లేదు. ట్యాక్స్ చూసుకునేవాడికే ఇలాంటి బిల్లు పంపారంటే వాళ్ల ధైర్యానికి మెచ్చుకోవాలి. మీకెవరైనా ఇలా జీఎస్టీ వేసి బిల్లిస్తే, జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ దగ్గర ఆ నంబరు కొట్టి చూడండి, లాగిన్ కూడా అక్కర్లేదు.

డబ్బు ఇప్పటికే కట్టేసి ఉంటే ముందు యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి వాళ్ల అనుమతి రద్దు చేయండి. రిమోట్ యాప్ తీసేయండి. ప్రైవసీ సెట్టింగ్స్‌లో స్క్రీన్ రికార్డింగ్, యాక్సెసిబిలిటీ జాబితాల్లో దాని పేరు మిగిలి ఉంటే అక్కడా తీసేయండి. వాళ్లు లోపల ఉన్నప్పుడు ఏ పాస్‌వర్డ్ కొట్టినా మార్చేయండి. మోసమని తెలియగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది. రీఫండ్ గొడవకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను రెండిటికీ ఫిర్యాదు చేశాను, డబ్బింకా రాలేదు.

ఈ మధ్య వేరే నంబరు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది, “సార్, మీ ప్యాకేజీ ఇంకా యాక్టివ్‌గానే ఉంది, సిస్టమ్ ఆన్ చేస్తే ఫ్రీగా చెకప్ చేస్తాం” అని. ముందు సరైన జీఎస్టీ నంబరుతో బిల్లు పంపమన్నాను. లైన్ కట్ చేశాడు.