మా ఊరి ప్రాథమిక పాఠశాల: రెండేళ్లలో ఒక తండ్రి గమనించినవి

మా అమ్మాయిని దేవరకొండలోని ఒక ప్రైవేటు బడి మాన్పించి, మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతిలో చేర్పించి రెండు విద్యా సంవత్సరాలు నిండాయి. పిల్లలను ఎక్కడ చేర్పించాలా అని ఆలోచిస్తున్న వారికి ఉపయోగపడుతుందని, ఈ బడి తీరును నేను చూసినంత మేరకు రాస్తున్నాను.

పిల్లలు 64 మంది, తరగతులు ఐదు, ఉపాధ్యాయులు ముగ్గురు. 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రకారం 61 నుంచి 90 మంది పిల్లలకు ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలి. వారికి అదనంగా ప్రధానోపాధ్యాయుడిని ఇవ్వాలంటే పిల్లల సంఖ్య 150 దాటాలి. అందువల్ల చిన్న బడిలో ఉన్న ఉపాధ్యాయుల్లోనే ఒకరు పెద్దసారుగా పాఠం చెబుతూనే మధ్యాహ్న భోజనం లెక్కలు, హాజరు వివరాలు, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశాలు అన్నీ నెత్తిన వేసుకోవలసి వస్తుంది, ఆయన బయటికి వెళ్లిన రోజు ఆయన తరగతి ఊరికే కూర్చుంటుంది. ఇక్కడ ఆ పనులను ముగ్గురూ పంచుకున్నారు. 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద చదవడం, రాయడం, లెక్కల్లో వెనుకబడిన పిల్లలను గుర్తించే బాధ్యత ఒక మేడం గారిది, భోజనం, సరుకుల లెక్క మరో సారుది. సంతకం పెద్దసారుదే అయినా నిర్ణయం ముగ్గురిదీ. నిరుడు పెద్దసారు ఆపరేషన్ చేయించుకుని నెలకు పైగా సెలవులో ఉన్నప్పుడు కూడా మా అమ్మాయి నోటుపుస్తకంలో ఒక్క వారం ఖాళీ కనిపించలేదు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నవి ఒకటో తరగతి బొమ్మల అట్టలు. పిల్లల్లో సగం మంది తండా నుంచి వస్తారు, వారికి ఇంట్లో లంబాడీయే గాని తెలుగు అంతగా వినిపించదు. మేడం గారు పాత పెళ్లిపత్రికల వెనుక బొమ్మలు గీసి, ప్రతి బొమ్మ కింద లంబాడీ మాటను తెలుగు లిపిలో, దాని పక్కనే తెలుగు మాటను రాశారు. ఆ మాటలను తండాలోని ముసలమ్మలను అడిగి రాసుకున్నారు. ఒక పాప బిందె బొమ్మను చూసి ‘పాణి’ అని గట్టిగా అని, వేలు పక్కకు జరిపి ‘నీ...ళ్లు’ అని కూడబలుక్కుని చదవడం నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. అలా చేస్తే పిల్లలు లంబాడీ దగ్గరే ఆగిపోతారేమోనని మరో సారు మొదట సందేహపడ్డారట. శనివారం బడి వదిలాక ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుని, నెల రోజులు చేసి చూద్దామని ఒప్పుకున్నారు. ఆ నెల గడిచాక, సందేహపడిన ఆ సారే లెక్కలకు కూడా అలాంటి అట్టలు తయారు చేశారు. కొత్త ఆలోచనను పైనుంచి ఉత్తర్వుగా దించకుండా, తోటివారి ప్రశ్నకు నిలబెట్టి చూసే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

లోపాలూ ఉన్నాయి. ఇంగ్లీషు చదవడంలో పిల్లలు ఇంకా తడబడుతున్నారు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతున్నా, సమావేశాన్ని పత్తి ఏరే రోజుల్లో పగలు పదకొండింటికి పెడితే తల్లులు ఎలా వస్తారు? ఉపాధ్యాయులు తమలో తాము పంచుకున్న బాధ్యతలో మాకూ చోటు ఉండాలంటే సాయంత్రం పెట్టడం అవసరం. రెండుసార్లు అడిగాను, ఇంకా మార్చలేదు.

వచ్చే జూన్‌లో మా చిన్నవాణ్ణి కూడా ఇక్కడే ఒకటో తరగతిలో చేర్పిస్తున్నాం.