ఒక్క రాత్రి లెక్కా, నెల రోజుల లెక్కా?

బెంగళూరులో ఇల్లు లేనివాళ్లు ఎంతమంది? లెక్కించే దారులు రెండు. మొదటిది ఒక్క రాత్రి తలలెక్క. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి చేసింది ఇదే. ఫుట్‌పాత్‌లు, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాలు, రైల్వే ప్లాట్‌ఫారాలు తిరిగి దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షల మందిని రాసుకున్నారు. ఒకే రాత్రి కాబట్టి ఒకరినే రెండుసార్లు లెక్కేసే భయం తక్కువ. ఖర్చూ తక్కువే.

కానీ రాత్రి రెండింటికి కేఆర్ మార్కెట్‌కి వెళ్లి చూడండి. కూరగాయల లారీల హడావుడి అప్పుడే. మూటలు మోసే మనిషి నిద్రపోయేది పగలు, ఖాళీ తోపుడుబండి మీద. రాత్రి వచ్చినవాళ్ల కంటికి అతను కూలీ, అంతే. ఒంటరి ఆడవాళ్లయితే ఎవరికీ కనబడని చోటే వెతుక్కుంటారు.

రెండోది, వారాల తరబడి అవే చోట్లకు వెళ్లి మాట్లాడి రాసుకోవడం. దీనికి భాష తెలిసినవాళ్లు కావాలి. మదనపల్లె వైపు నుంచి వచ్చిన పెద్దావిడను "ఇల్లుందా అమ్మా?" అంటే, "ఉండాది నాయనా, ఊర్లో" అంటుంది. "రాత్రి ఎక్కడ పడుకుంటావు?" అని అడిగితేగానీ అసలు సంగతి బయటికి రాదు. చిక్కేమిటంటే, ఇక్కణ్ణుంచి వెళ్లగొడితే ఆమె రేపు పక్కనున్న కలాసిపాళ్యంలో ఉంటుంది, అక్కడా పేరు పడుతుంది. ఆధార్‌తో సరిచూద్దామంటే కొందరి దగ్గర ఉండదు, కొందరు భయపడి వెళ్లిపోతారు.

నన్నడిగితే, తంటా ఎక్కువైనా రెండోదే మేలు. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఇల్లు లేనివాళ్ల కోసం కనీసం ఒక షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఆ షెల్టర్ పగలు కూడా తెరిచి ఉంచాలన్న సంగతి తలలెక్కలో తేలదు.