మంగళవారం సాయంత్రం ఐరిష్ క్లాసు: పది వారాలు వెళ్లొచ్చాక నా మాట

డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉంటాం. మా పాప రెండో తరగతి. ఇక్కడి ప్రైమరీ స్కూళ్లలో ఐరిష్ భాష తప్పనిసరి. ఇంగ్లిష్, లెక్కల హోంవర్క్ నేను చూస్తాను కానీ ఐరిష్ పుస్తకం తెరిస్తే ఇద్దరికీ టెన్షనే. అందుకని కమ్యూనిటీ సెంటర్‌లో పెద్దవాళ్లకు నడిపే ఐరిష్ క్లాసులో చేరాను. వారానికి గంటన్నర, పది వారాలు, 130 యూరోలు.

ముందు ఇబ్బందులు చెప్పేస్తాను. డబ్బు కట్టిన తర్వాత వారం దాకా మెయిల్ రాలేదు, రెండుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. గదిలో హీటర్ సరిగా పనిచేయదు. ఇంటికెళ్లి మళ్లీ వినడానికి ఆడియో ఏమీ ఇవ్వరు. ఐరిష్‌లో రాసేది ఒకటి, పలికేది ఒకటి కాబట్టి అది పెద్ద లోటే. నాలుగో వారం నుంచి వేగం బాగా పెరిగింది. ఒక్క క్లాసు మానితే అందుకోవడం కష్టం.

ఇవన్నీ ఉన్నా మళ్లీ చేరుతున్నానంటే కారణం టీచర్‌గారు. ముప్ఫై ఎనిమిదేళ్లు ప్రైమరీ స్కూల్లో చెప్పి రిటైరయ్యారు. కానెమారా ప్రాంతంలో, ఐరిష్ ఇంటి భాషగా ఉన్న ఊళ్లో పుట్టారు. వాళ్ల అమ్మగారూ టీచరే. 1951లో పెళ్లవగానే ఉద్యోగం వదిలేయాల్సి వచ్చిందట. పెళ్లయిన ఆడవాళ్లు ప్రైమరీ బడిలో పనిచేయకూడదని 1934లో ఇక్కడ నిబంధన పెట్టారు. 1958లో దాన్ని ఎత్తేశాక ఆవిడ మళ్లీ బడికి వెళ్లారు. అప్పటికి మా టీచర్‌గారు ఏడాది పిల్ల. "మా అమ్మ ఏడేళ్లు ఇంట్లో కూర్చుని పక్కింటి పిల్లలకు వంటగదిలోనే పాఠం చెప్పింది" అని చెబుతుంటే ఆవిడ గొంతులో గర్వం తెలిసిపోతుంది.

ఇక్కడ పెద్దవాళ్లనైనా పేరుపెట్టే పిలుస్తారు. నాకు నోరు రాక మొదటిరోజే "టీచర్" అన్నాను. ఆవిడ నవ్వి, ఐరిష్‌లో టీచర్‌ని మూంచోర్ అంటారని, పిలిచేటప్పుడు మాత్రం "ఎ వూంచోర్" అనాలని చెప్పారు. రాముడు అనే మాట పిలుపులో రామా అయినట్టు ఇక్కడ మొదటి అక్షరమే మారిపోతుందన్నమాట.

ఐదో వారంలో ఆవిడ బోర్డు మీద మూడు మాటలు రాశారు. కపల్ అంటే గుర్రం, "మా గుర్రం" అనాలంటే ఆర్ గపల్. తొబర్ అంటే బావి, మా బావి అంటే ఆర్ దొబర్. పాష్టె అంటే పిల్లవాడు, అది ఆర్ బాష్టె అవుతుంది. అందరూ తలలు పట్టుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. ఇది గసడదవాదేశం కదా! వాడు కొట్టె, వాడుగొట్టె. మా నాన్న తెలుగు పండిట్. ప్రొద్దుటూరులో మా వరండాలో నాకు ఆ సూత్రం వల్లె వేయించారు. 'ప' మాత్రం మనకు 'వ' అవుతుంది, వీళ్లకు 'బ' అవుతుంది, అంతే తేడా. లేచి చెప్పాను. టీచర్‌గారు చాక్‌పీస్ నా చేతికిచ్చి బోర్డు మీద రాయమన్నారు.

ఆ తర్వాత అడుగడుగునా మన భాషే కనిపించింది. "ఉందా?" అంటే "ఉంది", "లేదు" అన్నట్టు వీళ్లూ క్రియతోనే జవాబు చెబుతారు. ఉత్త అవును, కాదు అనే మాటలే లేవు. "నా దగ్గర పుస్తకం ఉంది" అన్న వాక్యం దాదాపు అలాగే వచ్చేస్తుంది. ఆకలేస్తే "ఆకలి నా మీద ఉంది" అంటారు. క్షమించమనడానికి "తా బ్రోన్ ఓరమ్", అంటే "దుఃఖం నా మీద ఉంది" అనాలి. మా పాపకు ఈ మాట చాలా నచ్చింది.

ఏడో వారం ఆవిడ సంచిలోంచి జానెడు పుల్ల తీశారు. దానికి దారం కట్టి ఉంది, ఒక పక్క కత్తితో పెట్టిన గాట్లు ఉన్నాయి. బాటా స్కోర్ అంటారు దీన్ని. 19వ శతాబ్దంలో బడిపిల్లల మెడలో వేలాడదీసేవాళ్లట. ఐరిష్ మాట దొర్లిన ప్రతిసారీ ఒక గాటు, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. ఆవిడ ముత్తాత మెడలో అలాంటిదే ఉండేదట. ఇది పిల్లలకు చూపించడానికి ఆవిడ సొంతంగా చెక్కుకున్నది. ఆ పుల్ల చేతులు మారి నా దగ్గరకొచ్చింది. వేలితో తడిమితే గాట్లు ఇంకా గరుగ్గానే ఉన్నాయి.

నేను చదివిన ఇంగ్లిష్ మీడియం స్కూల్లో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్ ఉండేది. తెలుగు పండిట్ కూతుర్ని, తెలుగు మాట్లాడినందుకు ఫైన్ కట్టాను. ఇంట్లో చెప్పలేదు. ఆ గదిలో మొదటిసారి చెప్పాను. "రూపాయికి అప్పుడు ఏమొచ్చేది?" అని అడిగారు టీచర్‌గారు. రెండు పుల్లఐసులు అన్నాను. ఆవిడ బోర్డు మీద బాటా స్కోర్ పక్కన "ఒక రూపాయి" అని రాసి కింద గీత గీశారు. క్లాసు అయిపోయేదాకా దాన్ని చెరపలేదు.

2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్లు 18 లక్షల 70 వేల పైచిలుకు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం 72 వేల లోపే. ఆవిడకు ఈ లెక్క కంఠతా వచ్చు. అందుకే తప్పు మాట్లాడినా ఆపరు, పూర్తి కానిచ్చి, సరైన వాక్యం తాను ఒకసారి మెల్లగా అంటారు. ముప్ఫై ఎనిమిదేళ్ల అలవాటు అది. మా గ్రూపులో రిటైరైన బస్ డ్రైవర్ ఒకాయన ఉన్నారు. బడిలో తిన్న దెబ్బల వల్ల ఐరిష్ అంటేనే భయపడిన మనిషి ఇప్పుడు మా అందరికంటే ముందు నోరు విప్పుతున్నారు.

పరీక్షల కోసమైతే ఈ క్లాసు సరిపోదు. పిల్లల పక్కన కూర్చుని చదివించాలనుకునే మన తల్లిదండ్రులు మాత్రం తప్పకుండా చేరండి. ఇప్పుడు మా పాప పుస్తకం తెస్తే నేను పక్కకు జరగడం లేదు.

చివరి రోజు ఒక్కొక్కరూ తమ ఊరు చెప్పాలి. "ఇస్ అస్ ప్రొద్దుటూర్ మే" అన్నాను. దాన్ని మీ భాషలో చెప్పమన్నారు. "మాది ప్రొద్దుటూరు" అన్నాను. ఆవిడ తన నోట్‌బుక్ తీసి, రెండుసార్లు పలికించుకుని రాసుకున్నారు. 'ద్దు' దగ్గర ఇంకోసారి అడిగారు. కొత్త బ్యాచ్ జనవరిలో. చలికోటు తప్పకుండా తీసుకెళ్లండి.